పెన్‌డ్రైవ్ పెడితే టీవీ ఎందుకు తీస్కుంటలేదు? ఏ మెట్టు మీద ఆగిందో చూస్తే సగం పని అయినట్టే

క్లుప్తంగా: టీవీ "యూఎస్‌బీ సపోర్ట్ చేయదు" అని ఒక్కటే మాట చూపిస్తది గానీ దాని వెనక కరెంటు సరిపోకపోవుడు, పార్టిషన్ టేబుల్ (డ్రైవ్‌ను ఏ భాగాలుగ పంచిన్రో చెప్పే పట్టిక) తేడా, ఫార్మాట్ తెల్వకపోవుడు, వీడియో కోడెక్ (వీడియోను కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) పడకపోవుడు అని వేరేవేరే కారణాలు ఉంటయ్. 64 జీబీ, ఆపై డ్రైవ్‌లు పాత టీవీలల్ల ఎక్కువ ఇబ్బంది పెట్టుడికి అసలు కారణం విండోస్‌ల ముప్పై ఏండ్ల కింద పెట్టిన ఒక లిమిట్. ఎక్కడ ఆగిందో కనిపెడితే చాలాసార్లు ఫార్మాట్ కొట్టే అవసరమే రాదు.

## ఒకటే మెసేజ్, లోపల నాలుగైదు సంగతులు

పరకాల దిక్కు ఒక ఇంట్ల పెళ్లి అయింది అనుకుందాం. రెండు నెలలకు హన్మకొండ స్టూడియో వాళ్లు ఎర్ర మఖ్మల్ డబ్బాల పెట్టి 64 జీబీ పెన్‌డ్రైవ్ ఇచ్చిన్రు. పెద్దమ్మ, మేనత్త, పక్కింటోళ్లు అందరు వచ్చి కూసున్నరు, పిల్లగాడు కుర్చీ ఎక్కి గోడకున్న టీవీ వెనక చెయ్యి పెట్టి తడుముకుంట పెన్‌డ్రైవ్ గుచ్చిండు, టీవీ మీద చిన్న డబ్బా వచ్చింది, "డివైస్ సపోర్ట్ చేయదు". అదే పెన్‌డ్రైవ్ తీస్కపోయి చౌరస్తా కాడ షాపుల ల్యాప్‌టాప్‌కు పెడితే టక్కున ఓపెన్ అయింది. ఇగ లొల్లి మొదలు, స్టూడియో వాళ్లు టీవీదే తప్పు అంటరు, టీవీ మెకానిక్ పెన్‌డ్రైవ్ ఖరాబ్ అంటడు.

చాలాసార్లు రెండూ మంచిగనే ఉంటయ్. ల్యాప్‌టాప్ ఎన్నో రకాల ఫార్మాట్లు చదువుతది, రానిది ఉంటే ఒక సాఫ్ట్‌వేర్ వేస్తే వస్తది. టీవీ అట్ల కాదు, కంపెనీ వాళ్లు తయారు చేసిన రోజు దాంట్ల ఏ డ్రైవర్ (ఒక రకం ఫార్మాట్ చదవనీకి పెట్టే సాఫ్ట్‌వేర్) పెట్టిన్రో, ఏ లైసెన్స్‌కు పైసలు కట్టిన్రో అంతవరకే దానికి తెలుసు. తెల్వనిది వచ్చినప్పుడు ఎందుకు తెల్వదో కూడా చెప్పది. కరెంటు సాల్లేదా, ఫార్మాట్ పడలేదా, వీడియో పడలేదా అని వేరేవేరేగ చెప్పే టీవీలు తక్కువ, అందుకే దాని మెసేజ్‌ను పట్టుకొని కూసుంటే ఏం తేలది.

## ముందు కరెంటు సంగతి

పోర్టు నుంచి డ్రైవ్‌కు 5 వోల్ట్‌ల కరెంటు పోతది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 అయితే 900. మామూలు పెన్‌డ్రైవ్‌కు ఇది మస్తు సరిపోతది. తిరిగే హార్డ్‌డిస్క్ అట్ల కాదు, లోపల పళ్లెం కదలడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకండ్లు చాలా డిస్క్‌లు ఒక ఆంపియర్ దాక గుంజుతయ్. టీవీ పోర్టు అంత ఇవ్వలేకపోతే డిస్క్ లేవబోయి పడిపోతది, మళ్లీ లేవబోతది, చెవి దగ్గర పెడితే టిక్, టిక్ అని వినిపిస్తది. ఆ సప్పుడు వస్తే ఫార్మాట్ గురించి ఆలోచన చేయాల్సిన పనే లేదు, కరెంటు సాల్లేదు అన్నట్టే లెక్క. అదే సప్పుడు ల్యాప్‌టాప్ కాడ కూడా వస్తే మాత్రం డిస్కే పోతున్నట్టు, ముందు దాంట్ల ఉన్నది వేరేదాంట్లకు కాపీ చేసుకోవాలె.

కొన్ని టీవీలకు రెండు పోర్టులు ఉంటయ్, ఒకదాని పక్కన హెచ్‌డీడీ అనో 1ఏ అనో రాసి ఉంటది, హార్డ్‌డిస్క్ దానికే పెట్టాలె. ఇంకొన్నిటికి సర్వీస్ అని రాసిన పోర్టు ఉంటది, అది మెకానిక్ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోనీకి, దాంట్ల సినిమా పెడితే ఏ లైటూ వెలగకపోవచ్చు. అప్పటికీ సాలకపోతే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యల పెడితే కరెంటు దాని నుంచి వస్తది.

కేబుల్ సంగతి చిన్నదే గానీ శానామందిని తిప్పలు పెట్టేది ఇదే. ఫోన్ ఛార్జింగ్ కోసం వచ్చే అగ్గువ కేబుల్స్ కొన్నిట్ల డేటా తీగలే ఉండయ్, హార్డ్‌డిస్క్‌కు అది పెడితే లైటు వెలుగుతది, టీవీకి మాత్రం ఏం కనిపించది. గోడకు బిగించిన టీవీ అయితే పోర్టు వెనక్కి పోయి చెయ్యి దూరదు, అందుకని ఎక్స్‌టెన్షన్ వేస్తరు, అది సన్న తీగది అయితే వోల్టేజ్ దార్ల తగ్గుతది. లావు ప్లాస్టిక్ ఉన్న పెన్‌డ్రైవ్ పక్కనున్న హెచ్‌డీఎంఐ వైరుకు తగిలి సగమే దూరి ఉండుడు కూడా మామూలే.

ఇంకోటి, సెటప్ బాక్స్‌కు కూడా యూఎస్‌బీ పోర్టు ఉంటది. డ్రైవ్ బాక్స్‌కు పెట్టి టీవీ మెనూల ఎతికితే ఎన్నటికీ దొరకదు, అది బాక్స్ మెనూలనే కనిపించాలె, అదీ ఆ బాక్స్‌ల ప్లేయర్ ఉంటేనే.

## డ్రైవ్‌ను టీవీ చదివే తీరు

కరెంటు అందంగనే డ్రైవ్ లోపలి కంట్రోలర్ చిప్ లేస్తది, డేటా తీగలల్ల ఒకదాని వోల్టేజ్ పైకి లేపుతది, అది "నేను వచ్చిన" అని సైగ అన్నట్టు. టీవీ ఒక రీసెట్ పంపి నువ్వు ఏం సామాను అని అడుగుతది, కీబోర్డా, కెమెరానా, స్టోరేజా. స్టోరేజ్ అని జవాబు రాంగనే టీవీ డ్రైవ్‌ల మొట్టమొదటి సెక్టార్ చదువుతది. పాత పద్ధతి డ్రైవ్ అయితే ఆ 512 బైట్లల్లనే పార్టిషన్ టేబుల్ ఉంటది, దీన్నే ఎంబీఆర్ అంటరు. అందుల పార్టిషన్ ఎక్కడ మొదలైతదో చూసి అక్కడికి పోయి ఫైల్ సిస్టం, అంటే ఫైళ్లను సర్దిపెట్టిన పద్ధతి, మనం ఫార్మాట్ అనేది, ఏందో చూస్తది, అది తెలిసినదైతే ఫోల్డర్లు, ఫైళ్లు పట్టిక వేస్తది, అందుల వీడియో మీద ఓకే నొక్కినప్పుడు కోడెక్ సంగతి వస్తది. మెట్లు ఎక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటి, కింది మెట్టు దాటకపోతే పై మెట్టు సంగతి టీవీకి తెల్వనే తెల్వదు.

పార్టిషన్ మెట్టు మీద ఆగేవి ఎక్కువగ పెద్ద హార్డ్‌డిస్క్‌లు. ఎంబీఆర్ పద్ధతిల 512 బైట్ల సెక్టార్లతో సుమారు 2 టీబీ వరకే లెక్కపెట్టొచ్చు, అంతకంటే పెద్ద డిస్క్‌లకు జీపీటీ అనే కొత్త పద్ధతి వాడ్తరు. జీపీటీ డిస్క్‌ల మొదటి సెక్టార్‌ల పాత సాఫ్ట్‌వేర్ తొందరపడి ఏం చెడగొట్టొద్దని ఒక ఉత్తుత్తి ఎంబీఆర్ పెడ్తరు. జీపీటీ తెల్వని టీవీ దాన్ని చూసి "ఇదేదో నాకు తెల్వని పార్టిషన్" అని ఊకుంటది. మ్యాక్‌ల ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లు, విండోస్ ఎక్కించనీకి బూటబుల్ చేసిన పెన్‌డ్రైవ్‌లు కూడా ఇదే మెట్టు కాడ ఆగుతుంటయ్. బూటబుల్‌ది మళ్లీ మామూలుగ కావాలంటే ఉత్త ఫార్మాట్ సరిపోకపోవచ్చు, పార్టిషన్లే తీసేసి కొత్తగ ఒకటి ఎంబీఆర్‌ల చేసుకోవాలె. విండోస్‌ల డిస్క్‌పార్ట్ అనే కమాండ్ తోటి ఈ పని అయితది కానీ డిస్క్ నంబర్ ఒకటి తప్పు కొట్టినా ల్యాప్‌టాప్ డిస్కే సాఫ్ అయితది, కాబట్టి సైజు చూసుకొని మరీ కొట్టాలె.

## 64 జీబీ కాడ వచ్చే తిరకాసు

పరకాల పెన్‌డ్రైవ్ ఆగింది దీని తర్వాతి మెట్టు మీద, ఫైల్ సిస్టం కాడ. మనకు ఎదురయ్యేవి ముఖ్యంగ మూడు. ఎన్‌టీఎఫ్ఎస్ 1993ల విండోస్ ఎన్‌టీతో వచ్చింది, ఫ్యాట్32 1996ల విండోస్ 95 రెండో విడతల వచ్చింది, ఎక్స్‌ఫ్యాట్ 2006ల వచ్చింది. మూడూ మైక్రోసాఫ్ట్ చేసినవే. చాలా టీవీల లోపల నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం, శామ్‌సంగ్ టైజెన్ అయినా ఎల్‌జీ వెబ్ఓఎస్ అయినా ఆండ్రాయిడ్ టీవీ అయినా అడుగున అదే. మైక్రోసాఫ్ట్ ఫార్మాట్‌ను లినక్స్ మీద చదవాలంటే ఎవరో ఒకరు డ్రైవర్ రాయాలె, దాని హక్కులకు పైసలు కట్టాలె. 2009ల టామ్‌టామ్ అనే జీపీఎస్ కంపెనీ మీద మైక్రోసాఫ్ట్ ఈ ఫ్యాట్ పేటెంట్ల మీదనే కేసు వేసింది, నెల రోజులల్ల రాజీ అయిన్రు. అట్లాంటి కాలంల తక్కువ రేటు టీవీ చేసేటోళ్లు ఎక్స్‌ఫ్యాట్‌కు ఎందుకు ఖర్చు పెడ్తరు? ఫ్యాట్32 పెట్టిన్రు, కొందరు ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్ కొని పెట్టిన్రు, ఎక్స్‌ఫ్యాట్ విడిచిపెట్టిన్రు. అందుకే పాత టీవీలల్ల ఒక వింత కనిపిస్తది, పెద్ద ఫార్మాట్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్ నడుస్తది కానీ పెన్‌డ్రైవ్‌ల కోసమే చేసిన ఎక్స్‌ఫ్యాట్ నడవది.

2019 ఆగస్టుల మైక్రోసాఫ్ట్ ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్ బయటపెట్టింది. అదే ఏడాది చివర్ల లినక్స్ 5.4ల మొదటి డ్రైవర్ చేరింది, 2020ల 5.7 వెర్షన్‌ల శామ్‌సంగ్ వాళ్లు రాసిన మంచి డ్రైవర్ దాని జాగల వచ్చింది. అంటే ఎక్స్‌ఫ్యాట్ టీవీలకు అగ్గువ అయింది ఆ తర్వాతనే, అదీ కొత్త లినక్స్ పెట్టుకున్న మోడళ్లల్ల. 2014ల, 2016ల కొన్న టీవీకి ఇది రాలే, అప్‌డేట్‌తో వచ్చే ఆశ కూడా పెద్దగ పెట్టుకోవద్దు.

మరి ఫ్యాట్32లనే ఫార్మాట్ చేయొచ్చు గదా అంటే, ఇక్కడే తిరకాసు ఉంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే లిస్టుల ఫ్యాట్32 ఉంటది. అదే 64 జీబీ పెడితే ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ మాత్రమే కనిపిస్తయ్, ఫ్యాట్32 మాయం. ఫ్యాట్32కు అంత తాకత్తు లేదనుకుంటరు చాలామంది. నిజానికి అది 2 టీబీ వరకు పోతది. 32 జీబీ అనేది విండోస్ ఫార్మాట్ డబ్బాల పెట్టిన లిమిట్ మాత్రమే. దాన్ని 1994 చివర్ల రాసిన డేవ్ ప్లమ్మర్ అనే అప్పటి మైక్రోసాఫ్ట్ ఇంజినీరే ఆ నంబర్ ఆ పొద్దు తనకు తోచింది పెట్టిన అని తర్వాత చెప్పిండు. ఆ డబ్బా అప్పటికి ఏదో ఒకటి ఉండాలె కదా అని చేసింది, ముప్పై ఏండ్లయినా అట్లనే ఉంది. 2024ల మైక్రోసాఫ్ట్ విండోస్ టెస్టింగ్ వెర్షన్‌ల ఈ లిమిట్ 2 టీబీకి పెంచింది, అది కూడా కమాండ్ కొట్టేటోళ్లకే, రైట్ క్లిక్ డబ్బా మారలే.

కంపెనీ నుంచి వచ్చే 64 జీబీ, 128 జీబీ డ్రైవ్‌లు కూడా చాలావరకు ఎక్స్‌ఫ్యాట్‌లనే వస్తయ్. ల్యాప్‌టాప్ లేక ఫోన్‌కు ఓటీజీ పెట్టి ఫార్మాట్ చేసేటోళ్లకు కూడా ఇదే పరిస్థితి, కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లు 32 జీబీ దాటితే ఎక్కువగ ఎక్స్‌ఫ్యాటే వేస్తయ్. రూఫస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తోటి 64 జీబీని కూడా ఫ్యాట్32 చేయొచ్చు, పాత టీవీ దాన్ని మంచిగ తీస్కుంటది. ఫార్మాట్ అంటే లోపల ఉన్నదంతా పోతది అన్నది యాదికుంచుకోవాలె. ఫ్యాట్32 నుంచి ఎన్‌టీఎఫ్ఎస్‌కు ఫైళ్లు పోకుండ మార్చే కమాండ్ విండోస్‌ల ఉంది, వెనక్కి మార్చేది లేదు.

పక్క పక్కన పెట్టి చూస్తే ఇట్ల ఉంటది: ఆటోల పెట్టే పాటల డబ్బా, బ్లూటూత్ స్పీకర్ లాంటివి చాలావరకు ఫ్యాట్32 మాత్రమే చదువుతయ్. పదేండ్ల కింది ఎల్‌ఈడీ టీవీ ఫ్యాట్32, కొన్నిసార్లు ఎన్‌టీఎఫ్ఎస్ కూడా. ఈ మధ్య టీవీలు ఎక్కువ శాతం మూడూ చదువుతయ్. ఒకటే పెన్‌డ్రైవ్ ట్రాక్టర్ స్పీకర్‌కు, ఇంట్ల టీవీకి, ల్యాప్‌టాప్‌కు అన్నిటికీ తిరగాలంటే ఎంబీఆర్ మీద ఫ్యాట్32 తప్ప వేరే దారి లేదు.

## 71 నిమిషాలకు వచ్చే గోడ

పరకాల పిల్లగాడు ఇంకో 32 జీబీ పెన్‌డ్రైవ్ కొని ఫ్యాట్32 చేసిండు. ఇప్పుడు కాపీ కొడితే "ఫైల్ చాలా పెద్దగుంది" అని వచ్చింది. డ్రైవ్‌ల 29 జీబీ ఖాళీ కనిపిస్తుంది, ఫైల్ 11 జీబీ కూడా లేదు, మరి పెద్దగ ఎట్లయింది?

ఫ్యాట్32ల ప్రతి ఫైల్ సైజు 32 బిట్ల గడిల రాస్తరు, ఆ గడిల పట్టే అతిపెద్ద సంఖ్య 4,29,49,67,295. అంతకంటే ఒక్క బైటు ఎక్కువున్నా రాయలేరు. ఇదే 4 జీబీ లిమిట్. పెళ్లి వీడియో సెకండుకు 8 మెగాబిట్ల లెక్కన ఎడిట్ చేసిన్రు అనుకుంటే సెకండుకు ఒక మెగాబైట్, మూడు గంటలకు సుమారు 10.8 జీబీ. అదే వేగంతోటి 4 జీబీ నిండేది 71 నిమిషాలకు. సినిమాల ఎంకేవీ ఫైళ్లు, 4కే వీడియోలు ఇంకా తొందరగ తగులుతయ్.

దారులు రెండున్నయ్. ఎన్‌టీఎఫ్ఎస్ చదివే టీవీ అయితే అందుల పెడితే ఈ గోడే ఉండదు. కాకపోతే ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌ను కాపీ అయితుండంగ గుంజి పీకితే లోపల "సరిగ మూయలేదు" అని ఒక గుర్తు ఉండిపోతది, కొన్ని లినక్స్ డ్రైవర్లు ఆ గుర్తు చూసి తెరవనే తెరవయ్. ల్యాప్‌టాప్‌కు పెట్టి ఎర్రర్ చెకింగ్ కొట్టి సేఫ్‌గ ఎజెక్ట్ చేస్తే మళ్లీ తీస్కుంటది. విండోస్ 10ల 2018 అక్టోబర్ వెర్షన్ నుంచి డైరెక్ట్‌గ పీకినా నష్టం తక్కువ ఉండేట్టు సెట్టింగ్ మార్చిన్రు, అయినా కాపీ నడుస్తుండంగ పీకితే ఏ సెట్టింగూ కాపాడది.

రెండోది, స్టూడియో వాళ్లతోనే ముక్కలు చేయించుకునుడు. పాత డీవీడీలల్ల కూడా సినిమా 1 జీబీ ముక్కలుగనే ఉండేది, ప్లేయర్ కలిపి చూపిస్తది కాబట్టి మనకు తెల్వకపోయేది. పెన్‌డ్రైవ్‌ల అట్ల కలపరు. లెక్క చూసుకోకుండ కోస్తే సరిగ్గ జీలకర్ర బెల్లం పెట్టే కాడ పార్ట్ 1 అయిపోయి, రిమోట్ ఎతికి పార్ట్ 2 పెట్టే దాక అందరు ఊకె కూసుంటరు. ఎదుర్కోళ్లు, పెళ్లి, అప్పగింతలు అని ఘట్టాల వారీగ కోయమని చెప్తే అయిపోయే పని.

## ఫైల్ కనిపిస్తది, ఆడది

ముక్కలు చేసినంక టీవీల నాలుగు ఫైళ్లు కనిపించినయ్. పెళ్లి ముక్కలు మూడూ ఆడినయ్. నాలుగోది, స్టూడియో వాళ్లు "ఒరిజినల్ కెమెరా క్లిప్" అని ప్రేమతో వేసి ఇచ్చింది, నొక్కితే నల్లగ అయి "ఫార్మాట్ సపోర్ట్ లేదు" అని వచ్చింది. ఈసారి ఫార్మాట్ అన్న మాటకు అర్థమే వేరు. డ్రైవ్ ఫార్మాట్‌తో దీనికి సంబంధం లేదు, ఇక్కడ డ్రైవ్‌ను మళ్లీ ఫార్మాట్ కొట్టేటోళ్లు ఉత్తగనే ఫైళ్లు పోగొట్టుకుంటరు.

ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బాల పేర్లు. డబ్బాల ఉన్న వీడియో హెచ్264 కావచ్చు, 2013ల వచ్చిన హెచ్265 కావచ్చు, 2018ల వచ్చిన ఏవీ1 కావచ్చు. టీవీల వీడియో విప్పేది ఒక ప్రత్యేకమైన చిప్ భాగం, దానికి ఏది నేర్పిన్రో అదే వస్తది. అందుకే రెండు ఎంపీ4లల్ల ఒకటి ఆడి ఒకటి ఆడదు, పేరు చివర చూసి ఏం చెప్పలేం. కొత్త కెమెరాలు తీసే ఒరిజినల్ క్లిప్‌లు ఎక్కువగ 10 బిట్, 4:2:2 అనే, రంగుల వివరం ఎక్కువ దాచే రకంల ఉంటయ్, ఎడిటింగ్‌ల కలర్ దిద్దుకోనీకి అది మంచిది. టీవీ చిప్‌లు మామూలుగ 4:2:0 మాత్రమే విప్పుతయ్, ఎందుకంటే ప్రసారాలు, ఓటీటీలు అన్నీ అందులనే వస్తయ్. అంటే ఆ క్లిప్ టీవీ కోసం చేసిందే కాదు. ఇచ్చినోళ్లు నాణ్యత ఎక్కువని ఇచ్చిన్రు, టీవీకి అదే ఎక్కువైంది.

బొమ్మ వచ్చి సౌండ్ రాకపోతే అది ఇంకో కథ. డీటీఎస్ అనే సినిమా సౌండ్ రకానికి లైసెన్స్ ఫీజు ఉంటది, శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి దాన్ని తీసేసింది, ఎల్‌జీ 2020ల తీసేసి 2023ల కొన్ని మోడళ్లకు మళ్లీ తెచ్చింది. కాబట్టి పాత టీవీల సౌండ్ వచ్చిన ఫైల్ కొత్త టీవీల మూగ అయితే ఆశ్చర్యం లేదు. ఆండ్రాయిడ్ టీవీ అయితే వీఎల్‌సీ ఎక్కించుకుంటే అది సొంతంగ సాఫ్ట్‌వేర్‌తో డీటీఎస్ విప్పుకుంటది. అసలు కొన్ని ఆండ్రాయిడ్ టీవీలల్ల మంచి ఫైల్ ప్లేయరే ఉండదు, డ్రైవ్ అందినా చూపించే యాప్ లేక "గుర్తుపడ్తలేదు" అనిపిస్తది. వేరే టీవీలకు ల్యాప్‌టాప్‌ల హ్యాండ్‌బ్రేక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్264, 8 బిట్, ఏఏసీ ఆడియో ఎంపీ4గ మార్చుడే తేలిక దారి.

## డ్రైవ్ వచ్చింది, ఫోల్డర్ల మాత్రం ఏం లేదు

జిరాక్స్ సెంటర్ల తిరిగొచ్చిన పెన్‌డ్రైవ్‌లకు ఇది ఎక్కువ. హాల్‌టికెట్ ప్రింట్ కోసమో, మీసేవ కాగితం కోసమో పెడ్తరు, ఆ కంప్యూటర్‌ల షార్ట్‌కట్ వైరస్ ఉంటే అసలు ఫోల్డర్లను హిడెన్ చేసి వాటి జాగల అదే పేరుతో షార్ట్‌కట్‌లు పెడ్తది. ల్యాప్‌టాప్‌ల షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డర్ ఓపెన్ అయితది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, అదే టైంకు వైరస్ కూడా నడుస్తది. టీవీకి షార్ట్‌కట్ అంటే ఏందో తెల్వదు, హిడెన్‌వి మామూలుగ చూపించది, ఇగ మిగిలేది ఖాళీ. ఒక లెక్కన టీవీనే నిజం చెప్తున్నట్టు. మంచి యాంటీవైరస్ ఉన్న కంప్యూటర్‌ల స్కాన్ చేసి, హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, ఆ గుర్తు తీసేస్తే ఫైళ్లు బయటికి వస్తయ్.

మ్యాక్ నుంచి కాపీ చేస్తే దీనికి ఉల్టా అయితది, ప్రతి ఫైల్‌కు చుక్క, గీతతో మొదలయ్యే చిన్న జోడి ఫైల్ ఒకటి తయారైతది. కొన్ని టీవీలు దాన్ని కూడా వీడియో అనుకొని చూపిస్తయ్, నొక్కితే ఎర్రర్. పక్కనే అసలు ఫైల్ ఉంటది, చాలామంది చూడనే చూడరు.

"బతుకమ్మ 2024" అని తెలుగుల పేరు పెట్టిన ఫోల్డర్ టీవీల డబ్బాలు డబ్బాలుగ కనిపిస్తే భయపడే పని లేదు. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ మూడూ యూనికోడ్ పేర్లు మంచిగనే దాచుకుంటయ్, టీవీల తెలుగు ఫాంట్ లేదు అంతే, నొక్కితే ఆడుతది.

## అగ్గువకు దొరికే 2 టీబీ

అంగట్ల, ఆన్‌లైన్‌ల ఐదారు వందలకు 2 టీబీ పెన్‌డ్రైవ్ అని అమ్ముతరు. లోపల ఉండేది 16 జీబీనో 32 జీబీనో చిప్, కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌ను మార్చి 2 టీబీ అని అబద్ధం చెప్పిస్తరు. కాపీ పూర్తయినట్టే చూపిస్తది, అసలు జాగ నిండినంక రాసిందంతా పాతదాని మీద పడుడో, గాలికి పోవుడో జరుగుతది. ముందు ఎక్కించిన నాలుగు వీడియోలు ఆడి మిగతావి ఆడకపోతే, ఒక్కోసారి ఫోల్డర్ పట్టికే చెడి టీవీ మొత్తానికే తీస్కోకపోతే, దీన్ని అనుమానించాలె. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రైవ్ నిండా రాసి తిరిగి చదివి అసలు సైజు ఎంతో చెప్తది.

64 జీబీ డ్రైవ్ విండోస్‌ల 59.6 అని చూపిస్తే మాత్రం అది మోసం కాదు. కంపెనీ వాళ్లు జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని లెక్కిస్తరు, విండోస్ 107 కోట్ల పైచిలుకు అని లెక్కిస్తది.

## టీవీయే ఫార్మాట్ చేసుకుంటే

కొన్ని టీవీలు ఛానల్ ప్రోగ్రాం రికార్డ్ చేసుకోనీకి డ్రైవ్ అడుగుతయ్, ఓకే అంటే దాన్ని తమ సొంత తీరుల ఫార్మాట్ చేస్కొని రికార్డింగ్‌లు తాళం వేసి పెడ్తయ్. ఆ డ్రైవ్ ల్యాప్‌టాప్‌కు పెడితే "ఫార్మాట్ చేయాలా" అని అడుగుతది, ఇంకో టీవీకి పెడితే గుర్తుపట్టది. అవును కొడితే రికార్డింగ్‌లు పోతయ్. ఇది ఖరాబ్ కాదు, ఛానళ్ల కంటెంట్ కాపీ కాకుండ చేసిన ఏర్పాటు.

ఒక చిన్న సంగతి చివర్ల మిగిలింది. రిమోట్‌తో బంద్ చేసిన టీవీ చాలావరకు సగం నిద్రలనే ఉంటది, క్విక్ స్టార్ట్ లాంటివి ఆన్ ఉంటే ఇంకా ఎక్కువ. యూఎస్‌బీ భాగం ఒకసారి చిక్కుపడితే రిమోట్ ఆఫ్, ఆన్‌తో విడవది. గోడ కాడ స్విచ్ బంద్ చేసి రెండు నిమిషాలు ఆగి, డ్రైవ్ పెట్టకుండ టీవీ పూర్తిగ లేచినంక పెడితే చాలాసార్లు వస్తది. ఇది చేసి చూడకముందే ఫార్మాట్ కొట్టుడు తొందరపాటు.

## ఇకముందు ఎట్ల ఉంటది

ఎక్స్‌ఫ్యాట్ తిరకాసు కొత్త టీవీలతో మెల్లగ తగ్గుతది, లినక్స్ 5.15ల 2021ల ఎన్‌టీఎఫ్ఎస్‌కు కూడా కొత్త డ్రైవర్ చేరింది కాబట్టి ఆ ఖర్చు కూడా తగ్గినట్టే. కోడెక్ తిరకాసు మాత్రం పెరిగేదే, కెమెరాలు ప్రతి ఏడు కొత్త రకం తీస్తయ్, ఇంట్ల టీవీ పదేండ్లు ఉంటది. ఉత్తర తెలంగాణల పెళ్లి వీడియో ఇంకా పెన్‌డ్రైవ్ మీదనే చేతికి వస్తుంది కాబట్టి తాకిడి ఎక్కువ పడేది స్టూడియోల మీదనే. ఆర్డర్ ఇచ్చే రోజే "హెచ్264, 1080పీ, 8 బిట్, ఏఏసీ ఆడియో, ఒక్కో ఫైల్ 4 జీబీ లోపల, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్" అని ఒక చీటీ రాసిస్తే ఆ పని వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ల ఒక సెట్టింగ్ అంతే. 4కే మాస్టర్ కాపీ వేరే హార్డ్‌డిస్క్‌ల ఎక్స్‌ఫ్యాట్‌ల తీస్కోవచ్చు, దాన్ని ఇప్పటి టీవీకి పెట్టకుండ.

పరకాల ఇంట్ల మూడు ఫైళ్లు ఆడినయ్, నాలుగోది స్టూడియో వాళ్లు మార్చి పంపిన్రు, మేనత్త మాత్రం అప్పటికే ఫోన్‌ల చూసేసింది.